మార్చిన ఆప్షన్ల లెక్క: 14 నెలలు వాడిన ఆర్‌సీ (రీడింగ్ కాంప్రహెన్షన్) యాప్ గురించి

ముందే చెప్తున్నా, ఈ యాప్‌లో మాక్‌లు (నమూనా పరీక్షలు) ఎన్ని, వీడియోలు ఎన్ని, ఏడాదికి ఎంత అనేవి ఇక్కడ రాయడం లేదు. అవన్నీ వాళ్ళ పేజీలోనే దొరుకుతాయి. ఎంబీఏ సీట్ల కోసం రాసే క్యాట్ పరీక్షలో వెర్బల్ (ఇంగ్లిష్) సెక్షన్ కోసం 2023 సెప్టెంబర్ నుంచి 2024 నవంబర్ దాకా దీన్ని వాడాను. ముందు ఏడాది ప్లాన్ తీసుకుని, అది అయిపోయాక మళ్ళీ రెండు నెలలకు డబ్బులు కట్టాను. పేరు ఎందుకు చెప్పడం లేదంటే, కింద ఒక గొడవ గురించి కూడా రాయాలి. అది అందరికీ జరిగిందో నాకే జరిగిందో తెలియకుండా ఒకరి పేరు బయటపెట్టడం నాకు ఇష్టం లేదు. నాకు పనికొచ్చిన ఫీచర్ మీ యాప్‌లో లేకపోయినా కాగితం మీద చేసుకోవచ్చు, అది కూడా చెప్తాను.

మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజినీరింగ్ అయ్యాక హైదరాబాద్‌లో ఉద్యోగం, కూకట్‌పల్లిలో హాస్టల్. ఇంగ్లిష్ చదివితే అర్థమవుతుంది, ఆఫీసు మెయిళ్ళకు ఇబ్బంది లేదు, అయినా క్యాట్ 2023లో వెర్బల్‌లో నాకు వచ్చింది 71 పర్సంటైల్, అంటే రాసినవాళ్ళలో నూటికి 71 మంది కంటే పైన. ఆ సెక్షన్‌లో 24 ప్రశ్నల్లో 16 రీడింగ్ కాంప్రహెన్షనే, అంటే పాసేజ్ చదివి జవాబు పెట్టేవే, కాబట్టి దెబ్బ అక్కడే పడిందని తెలుసు. కానీ ఎందుకు పడిందో తెలియదు. అందరూ చెప్పినట్టే వొకాబులరీ సరిపోలేదనుకుని ఆరు నెలలు వర్డ్ లిస్టులు బట్టీ పట్టాను. యాప్‌లో రోజుకో పాసేజ్ వస్తుంది, మియాపూర్ వైపు నుంచి మెట్రో ఎక్కి అమీర్‌పేటలో రాయదుర్గం రైలు మారేలోపు అది చదివేసేదాన్ని. మాక్‌ల్లో ఆర్‌సీ స్కోరు మాత్రం ఉన్నచోటే ఉంది. పదహారులో ఎనిమిది, తొమ్మిది, మళ్ళీ ఎనిమిది.

2024 ఆగస్టులో ఒక ఆదివారం పదకొండో మాక్ రాశాను. పాసేజ్‌లన్నీ బాగా అర్థమయ్యాయని అనిపించిన మాక్ అది, తీరా చూస్తే ఆర్‌సీలో ఏడే కరెక్ట్. టెన్షన్‌తో అనాలిసిస్ పేజీలో పైకీ కిందకీ జరుపుతుంటే, ప్రశ్న నంబర్ పక్కన గడియారం గుర్తు మీద వేలు పడింది. అది అక్కడ ఉందని దాదాపు ఏడాదిగా చూస్తూనే ఉన్నా, ఒక్కసారీ నొక్కలేదు. నొక్కితే మూడు లైన్లు వచ్చాయి. ఆరు నిమిషాల 12 సెకన్లకు ప్రశ్న తెరిచాను. ఏడు నిమిషాల 40 సెకన్లకు ‘బి’ పెట్టాను. 36 నిమిషాల 50 సెకన్లకు ‘డి’కి మార్చాను. సరైన జవాబు ‘బి’.

పక్క ప్రశ్న నొక్కాను, అక్కడ ఏమీ మార్చలేదు. ఆ తర్వాతది మార్చాను, అదీ కరెక్ట్ నుంచి తప్పుకే. అప్పటికి రాత్రి పదైంది, భోజనం మాట మర్చిపోయి కూర్చున్నాను. ఆ రాత్రీ మర్నాడు సాయంత్రమూ పెట్టి, పాత పదకొండు మాక్‌ల్లోని 176 ఆర్‌సీ ప్రశ్నలకూ ఆ గుర్తు నొక్కి, లాంగ్ నోట్‌బుక్‌లో గళ్ళు గీసి రాసుకున్నాను. మొత్తం 41 జవాబులు మార్చాను. అందులో కరెక్ట్ నుంచి తప్పుకు 19, తప్పు నుంచి కరెక్ట్‌కు 9, ఒక తప్పు నుంచి ఇంకో తప్పుకు 13. క్యాట్‌లో కరెక్ట్‌కు మూడు మార్కులు, తప్పుకు మైనస్ ఒకటి, అంటే పెట్టిన కరెక్ట్ జవాబును తప్పుగా మార్చిన ప్రతిసారీ నాలుగు మార్కులు పోతాయి. పోయినవి 76, వచ్చినవి 36. నా చేతులతో నేనే పారేసుకున్నవి 40 మార్కులు. అన్ని నెలలు ఇంగ్లిష్ రాదని బాధపడ్డాను, ఇంగ్లిష్ వచ్చి పెట్టిన జవాబులనే కొట్టేసుకున్నానని ఆ పేజీ చూశాకే తెలిసింది. ఆ రాత్రి నాకు ఏడుపొచ్చింది. తేలిగ్గానూ అనిపించింది.

ఆ మొదటి ప్రశ్న సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాని వరసే. పాసేజ్ పాత పటాల గురించి. పటాల్లో నదులను అసలు వెడల్పు కంటే పెద్దగా ఎందుకు గీశారన్నది విషయం. సర్వేయర్ల దగ్గర సరైన పరికరాలు లేకపోవడం వల్ల అని ఇదివరకటి పండితులు అనుకున్నారని రచయిత ముందు చెప్పి, ఆ తర్వాత ‘నాట్ సో మచ్’ అని మొదలుపెట్టి మధ్యలో ‘యాజ్’ పెట్టి ఒక పొడుగు వాక్యం రాశాడు. అంటే కారణం పరికరాల లోటు కాదు, పటం కొనే వర్తకులకు నదే ముఖ్యం కాబట్టి అలా గీశారని. ‘బి’ ఆప్షన్‌లో ఇదే సంగతి పాసేజ్‌లో లేని మాటలతో ఉంది. ‘డి’లో సర్వేయర్లూ పరికరాలూ అన్నీ పాసేజ్‌లోని మాటలే, కానీ అది రచయిత కొట్టిపారేసిన వాదన. ఏడో నిమిషంలో పాసేజ్ మొత్తం తలలో ఉంది, ‘బి’ పెట్టాను. 36వ నిమిషంలో పాసేజ్ తలలో లేదు, టైమ్ అయిపోతోందన్న భయంతో పైపైన చూస్తే ‘డి’లోని మాటలు పాసేజ్‌లో కనిపించాయి. మార్చేశాను.

నోట్‌బుక్‌లో ఆ 19నీ ఒక్కొక్కటే తిరగేస్తే 14 చివరి ఐదు నిమిషాల్లో మార్చినవి, ఎక్కువ భాగం ఇలా పాసేజ్‌లోని మాటలే కనిపించే ఆప్షన్‌కు మార్చినవి. ఇది ఎక్కడి అలవాటో వెంటనే గుర్తొచ్చింది. బళ్ళో ఇంగ్లిష్ పేపర్‌లో పాసేజ్ ఇచ్చి కింద ప్రశ్నలు ఇస్తే, ప్రశ్నలో ఉన్న మాట పాసేజ్‌లో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం మొత్తం ఎత్తి రాసేవాళ్ళం. మార్కులు పడేవి. మా సార్ కూడా అలాగే వెతకమనేవారు, అప్పట్లో మేం గట్టెక్కడానికి అదే దారి, ఆయన్ను తప్పు పట్టను. కానీ క్యాట్‌లో ఆప్షన్లు తయారుచేసేవాళ్ళు సరిగ్గా ఆ వెతుకులాటకే ఎర వేస్తారు. మామూలుగా చదివేటప్పుడు ఆ అలవాటు నాలో కనిపించదు, కంగారులో బయటికొస్తుంది. ఈ సంగతి ఏ వర్డ్ లిస్టూ ఏ వీడియో క్లాసూ నాకు చెప్పలేదు.

అప్పటి నుంచి రెండు పనులు చేశాను. ఆప్షన్ మార్చాలంటే, మొదట పెట్టినది తప్పని చూపించే వాక్యం పాసేజ్‌లో వేలు పెట్టి చూపించగలగాలి. కొత్త ఆప్షన్ బాగుందనిపిస్తే చాలదు. రెండోది, చివరి ఐదు నిమిషాలు ఆర్‌సీ వైపు వెళ్ళకుండా పారా జంబుల్స్‌కూ (కలిపేసిన వాక్యాలను వరసలో పెట్టే ప్రశ్నలు), తేడా వాక్యం కనిపెట్టే ప్రశ్నలకూ ఉంచుకోవడం. వాటిలో జవాబు టైప్ చేసే ప్రశ్నలకు నెగటివ్ మార్కు లేదు కాబట్టి కంగారులో తప్పినా పోయేదేం లేదు. తర్వాతి తొమ్మిది మాక్‌ల్లో 14 జవాబులే మార్చాను. కరెక్ట్ నుంచి తప్పుకు 3, తప్పు నుంచి కరెక్ట్‌కు 8, మిగతా 3 అటూ ఇటూ తప్పే. కాబట్టి మొదట పెట్టిందే దేవుడిచ్చిన జవాబు, ముట్టుకోకూడదు అని నేననడం లేదు. కారణం దొరికి మార్చినవి నాకు లాభమే చేశాయి.

ఇక గొడవ. అక్టోబర్‌లో యాప్ అప్‌డేట్ అడిగింది, చేశాను. తెరిచి చూస్తే పాత మాక్‌ల మార్కులున్నాయి కానీ గడియారం గుర్తు నొక్కితే ఖాళీ. కొత్తగా రాసిన మాక్‌లకు మాత్రమే వస్తోంది. సపోర్ట్‌కు మూడు మెయిళ్ళు పెట్టాను. రెండింటికి ‘మీ సమస్య మా టీమ్‌కు పంపాం’ అని ఒకే జవాబు వచ్చింది, మూడోదానికి అదీ రాలేదు. పరీక్షకు నెలన్నర ముందు ఇలా అయితే ఎలా ఉంటుందో రాసేవాళ్ళకే తెలుస్తుంది. నోట్‌బుక్‌లో చేత్తో రాసుకోబట్టి నా లెక్క నాకు మిగిలింది, లేకపోతే 11 మాక్‌ల చరిత్ర మొత్తం పోయేది. డబ్బులు తీసుకుని దాచిపెట్టిన మన సమాచారం ఒక మాట కూడా చెప్పకుండా తీసేయడం తప్పు. ఆ కోపం నాకింకా పోలేదు.

రోజూ వచ్చే పాసేజ్ గురించి మొదటి ఏడాది హాస్టల్‌లో నలుగురికి గొప్పగా చెప్పాను, ఇద్దరు నా మాట మీదే కొన్నారు కూడా. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పలేను. చదివే అలవాటు తప్పకుండా ఉండటానికి అవి బాగున్నాయి, కానీ యాప్‌వాళ్ళు సొంతంగా రాసిన పాసేజ్‌లు చిన్నవి, సూటిగా సమాచారం చెప్పేవి. అసలు పరీక్షలో రచయిత ఒకరి వాదన చెప్పి, దాన్ని సగం ఒప్పుకుని, ఇంకోవైపు తిరుగుతాడు. ఆ మెలికలు పాత క్యాట్ పేపర్లలోనే దొరికాయి. 2017 నుంచి 2019 దాకా పేపర్లలో ఐదు పాసేజ్‌లు, 24 ఆర్‌సీ ప్రశ్నలు, సెక్షన్‌కు గంట టైమ్. 2021 నుంచి నాలుగు పాసేజ్‌లు, 16 ప్రశ్నలు, 40 నిమిషాలు. పాతవాటిని ఇప్పటి టైమ్‌కు తగ్గట్టు ఒక్కో పాసేజ్‌గా విడగొట్టుకుని చేస్తే చాలా సరుకుంది. యాప్‌లో వివరణలు కూడా సగం ‘ఇది పాసేజ్ పరిధిలో లేదు’ అన్న ఒక్క ముక్కతో అయిపోతాయి. ఎందుకు లేదో చెప్పరు.

క్యాట్ 2024లో వెర్బల్ 93 పర్సంటైల్ వచ్చింది. క్వాంట్ (లెక్కల సెక్షన్) లాగేయడంతో మొత్తం అనుకున్నంత రాలేదు, అది వేరే కథ. ఈ పెరిగిందంతా గడియారం గుర్తు పుణ్యమే అనను. మొదటిసారి చేతిలో రెండున్నర నెలలే ఉన్నాయి, ఆఫీసులో రిలీజ్ పని, రెండోసారి 20 మాక్‌లు రాశాను. పరీక్ష తర్వాత ఇచ్చే రెస్పాన్స్ షీట్‌లో చివరి జవాబే ఉంటుంది, మధ్యలో ఏం మార్చామో ఉండదు. అసలు పరీక్షలో మార్చిన మూడూ నాకు గుర్తున్నాయి, రెండు కలిసొచ్చాయి. మార్చకుండా వదిలేసిన వాటిలో ఒకటి మార్చి ఉంటే కరెక్ట్ అయ్యేది.

పాసేజ్‌లు నాలుగూ పూర్తి చేయగలిగి, రెండు ఆప్షన్ల మధ్య ఊగేవాళ్ళకు ఈ ఫీచర్ కోసం యాప్ తీసుకోవచ్చంటాను. రెండు పాసేజ్‌లకే టైమ్ అయిపోయేవాళ్ళకు దీనివల్ల ఇప్పుడే ఒరిగేదేం లేదు, వాళ్ళకు ముందు చదివే వేగం కావాలి. మా తమ్ముడు ఈసారి రాస్తున్నాడు. ‘అక్కా, ఏడాది ప్లాన్ తీసుకోనా’ అని అడిగితే వద్దన్నాను. ముందు పాత పేపర్లు చెయ్యి, ఆగస్టులో మూడు నెలలకు తీసుకుందువుగాని అని చెప్పి, నా నోట్‌బుక్‌లో మిగిలిన తెల్ల పేజీల్లో వాడికీ గళ్ళు గీసిచ్చాను. మొదట పెట్టింది, మార్చింది, ఏ నిమిషంలో, ఏ వాక్యం చూసి. ఈ నాలుగోది ఏ యాప్‌లోనూ రాదు, వాడే రాసుకోవాలి.