పీవీసీ పైపు విల్లు: నాలుగేళ్ల వాడకం తర్వాత

ముప్పావు అంగుళం పీవీసీ పైపుతో విల్లు ఎలా చేయాలో చూపించే వీడియోలు కొల్లలు. కొలతలు, కొసల్లో గాట్లు, పిడికి చుట్టే టేపు అన్నీ వాటిలో ఉంటాయి కాబట్టి ఆ జోలికి పోను. నాలుగేళ్లుగా దాదాపు ప్రతి ఆదివారం పదిహేను గజాల దూరం నుంచి బాణాలు వేస్తున్నాను. ఇన్నాళ్లలో నాకు బాగా తెలిసొచ్చిన ఒక్క సంగతి గురించే రాస్తాను: ఈ పైపు వేడికి మెత్తబడే గుణం. ఈ విల్లంటే నాకింత ఇష్టం కలగడానికి కారణం అదే. నన్ను ఏడిపించిందీ అదే.

చెక్కతో విల్లు చేయబోయి రెండుసార్లు చెడగొట్టుకున్నాను. చెక్కను ఒకచోట కాస్త ఎక్కువ చెక్కామంటే ఇక విల్లు అక్కడే వంగుతుంది, చివరికి అక్కడే విరుగుతుంది. పోయిన చెక్క తిరిగి రాదు. పీవీసీ అలా కాదు. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది, చల్లారాక ఎలా ఉంచితే అలా బిగుసుకుంటుంది. మొదట్లో నా విల్లు పై సగం ఎడమకు తిరిగిపోయి, తాడు పిడి మధ్యకు రాకుండా పక్కకు పోయేది. నాలుగుసార్లు వేడి చేసి, నాలుగుసార్లు దిద్దాను. తప్పు చేస్తే మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు అన్న ధైర్యం నాకు ఇంకే పనిముట్టూ ఇవ్వలేదు.

రెండో ఏడాది ఎండాకాలంలో, ఒక స్నేహితుడి తోటలో వేద్దామని తాడు ఎక్కించిన విల్లును అలాగే కారు వెనక సీట్లో పెట్టాను. దారిలో వేరే పని తగిలి, కారు ఎండలో ఆపి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాలుగు గంటలు దాటింది. విల్లు చూడ్డానికి బాగానే ఉంది. తోటకెళ్ళి మొదటి బాణం సంధించి లాగితే చేతికి బరువే తెలియలేదు. బాణం గురిగా పెట్టిన అట్టల కట్ట దాకా కూడా పోకుండా ముందే గడ్డిలో దిగింది. తాడు సాగిందేమోనని ముందు దాన్నే అనుమానించాను. దించి చూస్తే తాడు బాగానే ఉంది, విల్లే వంగిపోయి ఉంది. ఎప్పుడూ తాడు తీయగానే నిటారుగా అయ్యే పైపు, పిడిని నేలకు ఆనిస్తే కొసలు రెండూ నాలుగేసి అంగుళాలు పైకి లేచి ఉన్నాయి.

ఇంటికొచ్చి, సూట్‌కేసులు తూచే కొక్కెం తూకాన్ని తాడుకు తగిలించి 26 అంగుళాల దాకా లాగాను. కొత్తలో 28 పౌండ్లు చూపించేది, ఆ రోజు 17 చూపించింది. నమ్మలేక మూడుసార్లు తూచాను. 80 డిగ్రీలంటే మరిగే నీళ్ళకు కాస్త తక్కువ కదా, మామూలు ఎండకు ఏమవుతుందిలే అని ధీమాగా ఉన్నాను. కానీ తాడు గుంజి పట్టుకున్న ప్లాస్టిక్‌కు అంత వేడి అక్కర్లేదు. మూసిన కారులోని వేడికి, గంటల తరబడి వంగి ఉండటానికి, అది మెల్లగా ఆ వంపుకే అలవాటు పడిపోయింది.

పారేద్దామనుకున్నాను. పారేసే ముందు ఒకసారి వేడి చేసి చూద్దామని ఆరుబయట పొయ్యి పెట్టి, చదును చేసిన కొసను మంటకు బాగా ఎత్తులో ఉంచి తిప్పడం మొదలుపెట్టాను. రెండు నిమిషాలకు కొస కదిలింది. నేను అదమలేదు, లాగలేదు. దానంతటదే ఉబ్బుతోంది. చెక్కల మధ్య నొక్కి చదును చేసిన భాగం మెల్లగా గుండ్రంగా తిరిగి, ఒకప్పటి పైపు అయిపోతోంది. పక్కనే నిలబడి చూస్తున్న మా అమ్మాయి, “నాన్నా, అది ఊపిరి పీలుస్తోంది!” అంది. చల్లగా ఉన్నప్పుడు మనం చెప్పినట్టు వింటుంది గానీ, వేడి తగిలితే తన పాత రూపం దానికి గుర్తొస్తుంది. కారులో పడ్డ వంపు కూడా అలాగే విడిపోయింది. మళ్ళీ రెండు చెక్కల మధ్య, ఒకవైపు సందు ఎక్కువ, మరోవైపు తక్కువ ఉండేలా పెట్టి నొక్కి, తడి గుడ్డతో చల్లార్చాను. మర్నాడు తూకం 26 పౌండ్లు చూపించింది. పోయిందనుకున్న విల్లు రెండు పౌండ్ల నష్టంతో తిరిగొచ్చింది.

ఆ ఉత్సాహంలో అడిగినవాళ్ళందరికీ, ఎన్నిసార్లయినా సరిచేసుకోవచ్చు, ఇంట్లో పొయ్యి చాలు అని చెప్పాను. ఇప్పుడు ఆ రెండు మాటలూ అలాగే చెప్పలేను. కారు సంగతి తర్వాత మూడోసారి దిద్దుతుంటే ఒకచోట మంట దగ్గరైంది. బొటనవేలి గోరంత మేర గోధుమరంగు తిరిగి, ముక్కు మండే ఘాటు వచ్చింది. పీవీసీ మాడితే వచ్చేది హైడ్రోజన్ క్లోరైడ్, అది పీల్చకూడని వాయువు. వంటింట్లో ఈ పని వద్దు. వీలుంటే హీట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం) వాడండి, అదీ ఆరుబయటే. ఆ మచ్చ పక్కన, వంపు ఎక్కువగా ఉండేచోట ఇప్పుడు సన్నటి తెల్ల గీతలు కనిపిస్తున్నాయి. ప్లాస్టిక్ అలిసిపోయిందని వాటి అర్థం. అందుకే చలి ఉదయాల్లో దాన్ని బయటికి తీయను. చలికి పీవీసీ పెళుసెక్కుతుంది, గీతలున్న చోటే పగిలే ప్రమాదం ఉంది.

మిగతావి టూకీగా. తాడుకు నైలాన్ వద్దు, పది బాణాలకే సాగుతుంది. తోలు కుట్టే పాలిస్టర్ దారం పేటలు కలిపి పేనుకున్నది మూడేళ్లుగా నిలిచింది. అట్టల్ని పొరలు పొరలుగా పేర్చి తాళ్ళతో గట్టిగా బిగించి, అంచుల వైపు నుంచి వేస్తే బాణం సులువుగా ఊడొస్తుంది. బాణాల విషయంలో మాత్రం పొదుపు చూడకండి. గుండ్రటి చెక్క కడ్డీల్లో నార కొస నుంచి కొసకు తిన్నగా పోయేవే ఏరుకోవాలి. నేను కొన్న పన్నెండింటిలో అయిదే పనికొచ్చాయి. నార పక్కకు జారిన కడ్డీ వదిలేటప్పుడు విరిగితే, ఆ ముక్క విల్లు పట్టుకున్న చేతిలోనే దిగుతుంది. వేసే ప్రతిసారీ కడ్డీని రెండు చేతులతో కాస్త వంచి, చిటుకు వినిపిస్తుందేమో చూసుకుంటాను.

ఇప్పుడు నా విల్లు 23 పౌండ్లు లాగుతోంది. ఆట అవగానే తాడు దించి, నీడలో పడుకోబెడతాను. నా కుడి భుజానికి పాత నొప్పి ఉంది కాబట్టి ఆ బరువు నాకు సరిపోతుంది, మా అమ్మాయి కూడా కష్టపడి పూర్తిగా లాగగలుగుతోంది. దూరం వేయాలనుకునేవాళ్ళకు, సామాను కారులో వదిలేసే అలవాటున్నవాళ్ళకు దీన్ని చేసుకోమని చెప్పను. తెల్ల గీతలు ఇంకో అంగుళం పాకితే నేనూ దీన్ని పక్కన పెట్టేస్తాను. కొత్త పైపు ఇప్పటికే తెచ్చి ఉంచాను.