సంక్రాంతి మూడు రోజులకు వంటింటి కాంటా: పొయ్యి పక్కన పెడితేనే లాభం

ఎస్‌ఎఫ్-400 అనే నంబరుతో, రకరకాల కంపెనీల పేర్లతో దొరికే తెల్ల ప్లాస్టిక్ కాంటా ఇది. మధ్యలో గుండ్రటి తట్ట, కింద చిన్న స్క్రీను, రెండు పెన్సిల్ సెల్లులు. పది కిలోల దాకా తూస్తుంది, గ్రాము తేడా చూపిస్తుంది. ఆన్‌లైన్‌లోనూ, హన్మకొండ చౌరస్తా లాంటి చోట్ల వంట సామాన్ల దుకాణాల్లోనూ ఈ రకానివి వెయ్యి రూపాయల లోపే వస్తాయి. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ బరువునో షుగరునో అదుపులో పెట్టుకోవాలనుకునే ఇంటికి ఇది తప్పకుండా కొనదగ్గ వస్తువు. కాకపోతే చాలామంది దీన్ని కంచం పక్కన పెడతారు. అక్కడ పెడితే పెద్దగా ఉపయోగం లేదు.

ఎందుకంటే, "ఇంకొక్కటి వేసుకో బిడ్డా" అంటూ అత్తమ్మ గారెల గిన్నె పట్టుకుని నిలబడ్డాక కాంటా చేసేదేమీ ఉండదు. చుట్టాల నడుమ కూర్చుని కంచం తూచుకోవడం మర్యాద కూడా కాదు. పండగ తిండి ఎంతన్నది పండగకు రెండు మూడు రోజుల ముందే ఖాయమైపోతుంది. ఎన్ని కిలోల బియ్యం నానబెట్టారు, సకినం ఎంత నూనె పీల్చింది, నువ్వుల ఉండ ఏ సైజులో కట్టారు, ఈ మూడూ తేలాక తినేటప్పుడు తగ్గించుకునేది చాలా కొద్ది. ఆ మూడింటికీ కాంటా అక్కరకొస్తుంది.

ముందు నూనె సంగతి. సకినాలు ఎంత నూనె తాగాయో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు, కాంటాతో మాత్రం తేలిగ్గా తెలుస్తుంది. ఖాళీ మూకుడు చల్లగా ఉన్నప్పుడే తూచి, ఆ అంకె రాసిపెట్టుకోవాలి. తర్వాత నూనె పోసి మళ్లీ తూచాలి. లీటరు నూనె అంటే కిలో కాదు, దాదాపు 910 గ్రాములు. ప్యాకెట్ మీద రెండు అంకెలూ ఉంటాయి. వంట మొత్తం అయ్యాక మూకుడు పూర్తిగా చల్లారనిచ్చి, అదే కాంటా మీద ఇంకోసారి తూయాలి. తగ్గినదంతా సకినాల్లోకి పోయిన నూనె కింద లెక్క. చిట్లి పోయింది కొంత ఉంటుంది కానీ అది స్వల్పం.

ఉదాహరణకు రెండు లీటర్ల ప్యాకెట్లు, అంటే 1,820 గ్రాములు పోస్తే చివరికి 1,430 మిగిలిందనుకుందాం. 390 గ్రాములు సకినాల్లో ఉంది. సకినాలన్నీ కలిపి 1,300 గ్రాములు తూగితే, నూటికి 30 పాళ్లు నూనే. ఒక్క సకినం 25 గ్రాములుంటే అందులో నూనె ఏడున్నర గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీలు కాబట్టి నూనెవే 67, పిండి నువ్వులవి ఇంకో అరవై అయిదు దాకా, మొత్తం 130 కేలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల రోజుకు సూచించే నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములు. చాయ్‌తో రెండు సకినాలు తింటే అందులో సగానికి పైగా అయిపోయినట్టే. మీ ఇంట్లో సకినాల్లో నూనె నూటికి 22 పాళ్లు రావచ్చు, 35 రావచ్చు. ఆ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే వచ్చే వాయిలో తగ్గించుకోవచ్చు.

తేడాకు కారణాలు మూడు. పిండి మరీ పలుచగా కలిపితే, బట్ట మీద పోసిన సకినం తడి ఆరకముందే మూకుట్లో వేస్తే, లోపలి నీళ్లు ఆవిరై పోయిన చోటల్లా నూనె చేరుతుంది. బట్ట తడిని పీల్చుకుని, సకినం పళ్లెం అంచుతో విరగకుండా లేచేదాకా ఆగాలి. మరీ ఎండితే పగుళ్లిచ్చి మూకుట్లోనే తునకలవుతుంది, అదీ నష్టమే. రెండోది మంట. నూనె సరిగా కాగకముందే వేస్తే సకినం వేగడానికి ఎక్కువ సేపు పడుతుంది, జిడ్డు దిగదు. ఒకేసారి ఎక్కువ వేసినా నూనె వేడి పడిపోయి ఇదే జరుగుతుంది. మూడోది ఎక్కువమంది గమనించనిది: నూనెలో చాలా భాగం లోపలికి పోయేది వేగేటప్పుడు కాదు, బయటికి తీశాక చల్లారేటప్పుడు. పైన అంటుకున్న నూనెను చల్లారుతున్న సకినం లోపలికి లాక్కుంటుంది. అందుకే జాలిగంటెతో తీసి, మూకుడు మీదే కాసేపు పట్టుకుని కారనివ్వాలి. తర్వాత చిల్లుల గిన్నెలో అంచు మీద నిలబెట్టాలి. ఒకదాని మీద ఒకటి పేర్చితే పైదాని నూనె కిందిదానికి దిగుతుంది. న్యూస్‌పేపర్ మీద ఆరబోయడం మానేయాలి, అచ్చు సిరా తిండికి అంటుతుందని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెచ్చరించింది కూడా. చిల్లుల గిన్నె కింద పెట్టిన పళ్లెంలో కారిన నూనెను తిరిగి మూకుట్లో పోసి తూస్తేనే లెక్క సరిపోతుంది.

ఉప్పు కూడా తూచి వేయాల్సిందే. కిలో బియ్యం పిండికి 150 నుంచి 200 గ్రాముల నువ్వులు, 10 గ్రాముల వాము, 20 గ్రాముల ఉప్పు సరిపోతాయి. చెంచా లెక్కయితే గల్లుప్పుకు ఒక తూకం, మెత్తటి ఉప్పుకు ఒక తూకం వస్తుంది. రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటారు. బీపీ ఉన్నవాళ్లకు పండగ మూడు రోజులూ సకినాలు, పచ్చడి, పులిహోర, మటన్ కూర కలిస్తే అది ఒక్క పూటలోనే దాటిపోతుంది.

ఇక సైజు. ఈ కాంటాతో వచ్చే అసలు లాభం ఇక్కడే ఉంది. నువ్వులు 200 గ్రాములు, బెల్లం 200 గ్రాములు పాకం పడితే 400 గ్రాముల ముద్ద వస్తుంది. చేతి అలవాటుతో కడితే నలభై గ్రాముల ఉండలు పది అవుతాయి. మొదటి ఉండను కాంటా మీద పెట్టి 20 గ్రాములకు కుదిస్తే ఇరవై అవుతాయి. ఇరవై గ్రాముల ఉండ 95 కేలరీలు, నలభైది 190. తినేవాళ్లు గ్రాములు లెక్కపెట్టరు, ఉండలు లెక్కపెడతారు. "రెండే తిన్నా" అనుకునేవాళ్లకు ఆ రెండూ చిన్నవైతే చాలు, ఎవరి చేయీ పట్టుకుని ఆపక్కర్లేదు. అరిసెలకూ అంతే, చలిమిడి ముద్ద తీసేటప్పుడే 30 గ్రాములకు తూచి మొదటిది కొలతగా పక్కన పెట్టుకోవాలి. పాకం చల్లారితే ఉండ కట్టుకోదు కాబట్టి ప్రతిదీ తూస్తూ కూర్చోవద్దు. మొదటి రెండు తూచి, మిగతావి చేతి అందాజాతో కట్టి, మధ్యలో ఒకటి సరిచూసుకుంటే సరి.

బెల్లం మంచిదేగా అనుకుని షుగరున్నవాళ్లు ఉండలు లెక్క లేకుండా తినడం ఏటా కనిపించేదే. రక్తంలో చక్కెర పెరిగే విషయంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పై కొలతలో ఇరవై గ్రాముల ఉండలో పది గ్రాములు బెల్లమే. షుగరు మాత్రలు, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటివి, లేదా ఇన్సులిన్ వాడేవాళ్లు "మధ్యాహ్నం గట్టిగా తినాలి" అని పొద్దున ఏమీ తినకుండా మాత్ర మాత్రం వేసుకోవడం ప్రమాదం, చక్కెర పడిపోతుంది. ఇది కాంటాతో తేలేది కాదు, పండగకు ముందే డాక్టరును అడిగి పెట్టుకోవాలి.

భోగి సాయంత్రానికి ఇంకో వాయి సకినాలు చేసే బదులు సర్వపిండి పెట్టొచ్చు. బియ్యం పిండి, నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లికాడలు, కారం. రుచి ఆ దారిదే. గిన్నెకు పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, చిల్లులో చుక్క చుక్క నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద కాలిస్తే 200 గ్రాముల సర్వపిండికి 10 నుంచి 15 గ్రాముల నూనె సరిపోతుంది. పై లెక్కన 200 గ్రాముల సకినాల్లో నూనె 60 గ్రాములు. మందంగా ఒత్తితే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది, అప్పుడు మళ్లీ నూనె పోస్తారు, లాభమంతా పోతుంది.

కనుమ నాడు బగారన్నం, మటన్‌కు ఈ కాంటా వేరే రకంగా పనికొస్తుంది. నూనె సీసాను కాంటా మీద పెట్టి టేర్ బటన్ నొక్కితే సున్నా చూపిస్తుంది. సీసా తీసి పొయ్యి మీద గిన్నెలో పోసుకుని, తిరిగి పెడితే మైనస్ అంకె వస్తుంది. మైనస్ 90 అంటే తొంభై గ్రాములు పోసినట్టు. గంటెలు, చెంచాలు అంటు చేయనక్కర్లేదు. కిలో బియ్యం బగారాకు నూనె, నెయ్యి కలిపి 90 నుంచి 100 గ్రాములు చాలు, ఉల్లిపాయ వేగడానికీ మసాలా వాసన రావడానికీ అది సరిపోతుంది. మటన్ కొనేటప్పుడే చర్బి తీయించాలి. కూర ముందు రోజు రాత్రే వండి చల్లార్చగలిగితే పైన గడ్డకట్టిన కొవ్వును చెంచాతో తీసి తూచి చూడండి, వచ్చేసారి కూరలో నూనె ఎంత తగ్గించవచ్చో అదే చెబుతుంది.

వడ్డించేటప్పుడు తూయాల్సింది ఇంట్లో షుగరున్న మనిషి అన్నం ఒక్కటే, అదీ వంటింట్లోనే. ఖాళీ కంచం పెట్టి టేర్ నొక్కి 150 గ్రాములు వడ్డిస్తే అందులో పిండిపదార్థం సుమారు 40 గ్రాములు. ఏ గంటెతో ఎన్నిసార్లు వేస్తే అంత వస్తుందో ఒకసారి చూసుకుంటే ఆ గంటే కొలత అవుతుంది, కాంటా లోపల పెట్టేయొచ్చు.

ఇప్పుడు దీని లోపాలు. వెడల్పాటి మూకుడు పెడితే స్క్రీను కనిపించదు. తట్ట మీద చిన్న గిన్నె బోర్లించి, టేర్ నొక్కి, దాని మీద మూకుడు పెట్టాలి. గిన్నె కదలకుండా గట్టిగా కూర్చునేదై ఉండాలి. ఉప్పు, వాము చిటికెడు చిటికెడు వేస్తే అంకె కదలదు. సున్నా దగ్గర వచ్చే చిన్న మార్పును ఈ చవక కాంటాలు తప్పు తూకం అనుకుని తుడిచేస్తాయి. గిన్నె బరువు సున్నా చేయకుండా అలాగే ఉంచి, దానికి కలుపుకుని చూస్తే ఈ బాధ తప్పుతుంది. మిల్లీలీటర్ల గుర్తు నీళ్ల లెక్కన పనిచేస్తుంది, నూనెకు నమ్మొద్దు. యూనిట్ బటన్ చేయి తగిలి ఔన్సుల్లోకి మారితే అంకెలు అర్థం కావు, ప్రతిసారీ గ్రాముల గుర్తు చూసుకోవాలి. రెండు మూడు నిమిషాలు కదలిక లేకపోతే దానంతట అదే ఆగిపోతుంది, టేర్ చేసిన లెక్క పోతుంది. అందుకే ఖాళీ గిన్నె బరువు కాగితం మీద రాసుకోవడం మేలు. ఫ్యాను కింద అంకె ఊగుతుంది. వేడి గిన్నె నేరుగా పెడితే ప్లాస్టిక్ తట్ట వంగుతుంది, తూకం మారుతుంది.

ఐదు కిలోల అద్దం పలకవి చూడ్డానికి బాగుంటాయి, తుడవడం తేలిక. కానీ ఇనుప మూకుడు, రెండు లీటర్ల నూనె కలిస్తే ఐదు కిలోల దరిదాపుల్లోకి వెళ్లొచ్చు. పిండివంటలకు పది కిలోలదే తీసుకోవాలి.

దుకాణంలోనే పరీక్షించవచ్చు. పది రూపాయల నాణెం దాదాపు 7.7 గ్రాములు, పది నాణేలు పెడితే 77 చూపాలి. తర్వాత అర కిలో సరుకు ప్యాకెట్‌ను తట్ట మధ్యలోనూ, నాలుగు అంచుల్లోనూ పెట్టి చూడండి. మధ్యకూ అంచుకూ మూడు గ్రాములకు మించి తేడా వస్తే ఇంకోటి అడగండి. దీనికి తూనికల శాఖ ముద్ర ఉండదు, ఇంట్లో చేసిన సకినాలు కిలోల లెక్కన అమ్మేవాళ్లు దీనితో తూచి అమ్మకూడదు.

ఐనవోలు జాతరకో కొత్తకొండకో వెళ్లిన రోజు, బంధువుల ఇంట్లో భోజనం చేసే రోజు దీనితో పని లేదు. ఆ రోజు కోసం ఇంట్లో మిగిలినవి తగ్గించుకోవడమే దారి. సకినాలు చేసిన రోజే పంచాల్సినవి తూచి కవర్లలో కట్టి, ఇంటికి ఉంచుకునేవి మనిషికి రోజుకు రెండు చొప్పున లెక్కగట్టి చిన్న డబ్బాలో పెట్టి, మిగతావి వెంటనే పంపించేయండి. మిగిలిన నూనెను వడకట్టి వారం లోపు పోపులకు వాడుకోండి, మళ్లీ మూకుట్లో కాచొద్దు. పండగయ్యాక సెల్లులు తీసి పక్కన పెట్టకపోతే అవి కారి లోపలి స్ప్రింగులు తుప్పు పడతాయి, వచ్చే పండగకు కాంటా వెలగదు.