సిల్కు తివాచీల కోసం ఇరాన్ వెళ్తే ఎక్కడ ఉండాలి, ఎక్కడ చూడాలి

తివాచీలనగానే అందరూ నేరుగా ఇస్ఫహాన్ బజారుకే పరిగెడతారు. నన్నడిగితే ముందు టెహ్రాన్‌లో లాలే పార్కు పక్కనున్న తివాచీ మ్యూజియం చూడండి. 1978లో తెరిచారు, భవనం బయటి గోడను కూడా మగ్గాన్ని తలపించేలా కట్టారు. ఇక్కడ కొనమని వెంటపడేవాళ్లుండరు. మేలైన పాత నేత కంటికి అలవాటైతే ఆ తర్వాత నాసిరకం ఇట్టే తెలిసిపోతుంది.

కోమ్‌లో సిల్కు నేత మరీ పాతదేం కాదు, 1930ల ప్రాంతంలో మొదలైంది, కానీ సన్నని నేతలో ఇప్పుడు దాని పేరే ముందు చెప్తారు. నిలువు దారాలైన పడుగూ, అడ్డ దారాలైన పేకా, పైన మెత్తగా తగిలే నూగూ అన్నీ పట్టే. మేలురకంలో చదరపు సెంటీమీటరుకు వంద ముడులు, అంటే చదరపు మీటరుకు పది లక్షలు, ఒక్కొక్కటీ చేత్తో వేసినవే! నూగు ఒకే వైపు వాలి ఉంటుంది కాబట్టి ఇటు నుంచి లేతగా కనిపించిన నీలం అటు వెళ్లి చూస్తే ముదురుగా మారిపోతుంది, అందుకే ఏ తివాచీనైనా చుట్టూ తిరిగి చూడాలి. ఊరు మాత్రం యాత్రికులతో కిటకిటలాడుతుంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి బయల్దేరడం మేలు.

బసకు కాషాన్‌ను మించింది లేదు. నడుమ నీళ్ల తొట్టి, చుట్టూ గదులున్న పాత ఇళ్లను హోటళ్లు చేశారు. మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్లుంటే కింది గదే అడగండి. ఇక్కడి నేత విద్యను యునెస్కో 2010లో గుర్తించింది. లండన్‌లో ఉన్న ప్రఖ్యాత అర్దబీల్ తివాచీ మీద కూడా మక్సూద్ కాషానీ, అంటే కాషాన్ వాడైన మక్సూద్, అనే పేరే నేసి ఉంటుంది. మన ఏలూరు తివాచీలకూ పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లే మూలమంటారు, అందుకేనేమో కాషాన్ మగ్గాల దగ్గర నుంచి కదలబుద్ధి కాలేదు.

ఇస్ఫహాన్‌లో షేక్ లుత్ఫుల్లా మసీదు గుమ్మటాన్ని లోపల నుంచి తలెత్తి చూడండి, తివాచీ మధ్యలో వేసే పతకం డిజైను అక్కడే అర్థమవుతుంది. షాపులతోనే టెన్షన్. ఒకచోట మెరుపు పెట్టిన నూలును సిల్కని చూపించారు. వెనక్కి తిప్పి చూడండి, డిజైను అంతే స్పష్టంగా కనిపించాలి. కుచ్చులు పడుగు దారాల కొనలే అయ్యుండాలి, విడిగా కుట్టినవైతే వదిలేయండి. ఒప్పుకుంటే ఒక పోగు కాల్చి చూపించమనండి, పట్టయితే జుట్టు కాలిన వాసన వస్తుంది.

మన బ్యాంకు కార్డులు అక్కడ పనిచేయవు, నగదు తప్పదు. ధర తోమన్‌లలో చెప్తున్నారో రియాల్‌లలోనో ముందే కాగితం మీద రాయించుకోండి, రెండిటి విలువా ఒకటి కాదు.