మడత నిచ్చెనా, గోడకు ఆనించే నిచ్చెనా: ఏది మేలు?

నిచ్చెన కొనేటప్పుడు చాలామంది ఎత్తు ఒక్కటే చూస్తారు. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను: దాని మీద నిలబడి పని చేసుకోవాలా, లేక దాన్ని ఎక్కి పైకి చేరాలా?

ఫ్యాను తుడవడం, బల్బు మార్చడం, అటక మీది సామాను దించడం లాంటి వాటికి మడత నిచ్చెనే మేలు. నాలుగు కాళ్ళ మీద తనంతట తాను నిలుస్తుంది. కాకపోతే పూర్తిగా విప్పి, మధ్యలోని అడ్డకడ్డీలు బిగిశాయో లేదో చూసుకోవాలి. తొందరలో విప్పకుండానే గోడకు ఆనించి ఎక్కేస్తుంటారు కొందరు. దాని కాళ్ళు ఆ వాలుకు చేసినవి కావు, సర్రున జారిపోతాయి. అన్నిటికన్నా పైనున్న పలక మీద కాలు పెట్టకూడదు. అక్కడ నిలబడితే ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

మిద్దె ఎక్కాలంటే మాత్రం ఆనించే నిచ్చెన తప్పదు. దీనికో లెక్కుంది: పైన ఆనే చోటు 12 అడుగుల ఎత్తులో ఉంటే కింద కాళ్ళు గోడకు 3 అడుగుల దూరంలో ఉండాలి. అంటే నాలుగుకు ఒకటి, సుమారు 75 డిగ్రీల వాలు. టేపు లేదా? కాలివేళ్ళు నిచ్చెన కాళ్ళకు తగిలేలా నిటారుగా నిలబడి చేతులు ముందుకు చాపండి. అరచేతులు భుజం ఎత్తున ఉన్న మెట్టుకు అందితే సరిపోయినట్టే. కాళ్ళు గోడకు మరీ దూరమైతే కింద జారతాయి, మరీ దగ్గరైతే నిచ్చెన మనిషితో సహా వెనక్కి వస్తుంది. మిద్దె అంచు దాటి ఇంకో 3 అడుగులు పైకుండాలి, పైన తాడుతో కట్టేయాలి. ఇంత తతంగం ఉంది కాబట్టే దీని మీద నిలబడి గంటలకొద్దీ రంగులేయడం నాకు నచ్చదు.

అల్యూమినియం తేలిక, కానీ కరెంటు తీగల దగ్గరకు తీసుకెళ్ళకూడదు. అక్కడ బరువైనా సరే, పొడిగా, శుభ్రంగా ఉన్న ఫైబర్‌గ్లాసే వాడాలి. అయినా తీగలకు దూరంగానే ఉండాలి.

ఏ నిచ్చెనైనా మనిషిని పడేసే వాటిలో పక్కకు వంగడం ఒకటి. బొడ్డు రెండు నిలువు బద్దల మధ్య నుంచి బయటికి పోతోందంటే దిగి నిచ్చెన జరుపుకోవాలి. నాలుగు మెట్ల ఎత్తే కదా అనుకోవద్దు. ఆ ఎత్తు నుంచి పడ్డా మణికట్టో, మడమ ఎముకో విరగొచ్చు.

ఒక్కటే కొనగలిగితే మడత నిచ్చెన కొనుక్కోండి. దిగేటప్పుడు ఇంకో మెట్టు మిగిలుండగానే నేల వచ్చేసిందనుకుని కాలు వేసేవాళ్ళు చాలామంది. అందుకే నేను పైకి వినపడేలా మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగుతాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీండి.