సరుగుడు గుంజల తలలు చీలకుండా దిగగొట్టే యంత్రం: ఉప్పుకాలువ పనిలో వాడి చూశాక

ఇందుకూరుపేట మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఉప్పుకాలువలో, ముగ్గురు రొయ్యల రైతులు ఉమ్మడిగా వాడుకునే పంపు వేదిక కోసం ఈ వేసవిలో 24 సరుగుడు గుంజలు దిగగొట్టించాను. నెల్లూరు ఆటోనగర్‌లోని ఒక వెల్డింగ్ షెడ్డు వారు సొంతంగా తయారుచేసి, ముగ్గురు మనుషులతో సహా అద్దెకు ఇస్తున్న యంత్రంతో ఆ పని జరిగింది. తమ పేరు రాయవద్దని వారు కోరినందువల్ల రాయడం లేదు. యంత్రం ఎలా పనిచేసింది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది అన్నది మాత్రం దాపరికం లేకుండా రాస్తున్నాను. ఎందుకంటే తీరం పొడవునా ఇలాంటి పనులు చేయించుకునే రైతులు గుంజ నేలలోకి దిగిందా లేదా అన్నదే చూస్తున్నారు తప్ప, ఏ స్థితిలో దిగిందో చూడడం లేదు.

రెండేళ్ల క్రితం ఇదే కాలువలో, దీనికి కొంచెం ఎగువన, కూలీల ముఠాతో 18 గుంజలు వేయించాను. ముక్కాలి చట్రానికి కప్పీ కట్టి, 120 కిలోల ఇనుప గుండును ఆరుగురు తాడుతో పది అడుగుల ఎత్తుకు లాగి వదిలేవారు. గుంజ తలకు ఇనుప పట్టీ బిగించారు కదా, ఇక భయం లేదని నేను అనుకున్నాను. మొదటి ఐదారు అడుగుల బురదలో గుంజలు హాయిగా దిగిపోయాయి. ఆ కింద ఉన్న ఇసుక పొర తగలగానే కథ మారింది. దెబ్బ దెబ్బకూ తల మీది నారపోగులు విడిపోయి, పట్టీ అంచు మీదుగా బయటికి వాలి, చూడడానికి అరిగిన చీపురు కట్టలా తయారయ్యాయి. పద్దెనిమిదింట ఏడు గుంజలకు పట్టీ కింది నుంచి మూరెడు పొడవున చీలిక పడింది. చీలిన భాగం కోసేస్తే ఎత్తు చాలక, కోయకుండా వదిలేస్తే దూలం నిలవక, చివరకు ఇనుప పలకలు పెట్టి బోల్టులు బిగించి సర్దుకున్నాం. ఆ పై ఏడాది ఈశాన్య రుతుపవనాల వానలకు కాలువ పొంగినప్పుడు ఆ వేదిక ఒక మూల జానెడు ఒరిగింది.

అప్పటి నుంచి ఈ విషయం మీద నాకు పట్టుదల పెరిగింది. కారణం చాలా సూటిగా ఉంది. దెబ్బ శక్తి గుండు బరువును అది పడే ఎత్తుతో గుణిస్తే వస్తుంది. కానీ కర్ర తలను నలిపేది ముఖ్యంగా గుండు తాకే వేగం. 120 కిలోల గుండు పది అడుగుల నుంచి పడినా, 400 కిలోల గుండు మూడు అడుగుల నుంచి పడినా లెక్కకు వచ్చే శక్తి ఒక్కటే. అయితే మొదటిది సెకనుకు దాదాపు 7.7 మీటర్ల వేగంతో తాకుతుంది, రెండవది 4.2 మీటర్ల వేగంతో తాకుతుంది. తేలిక గుండు ఎత్తు నుంచి పడినప్పుడు దాని శక్తిలో ఎక్కువ భాగం తలను నలపడానికే ఖర్చవుతుంది. బరువు గుండు తక్కువ ఎత్తు నుంచి పడినప్పుడు కర్రను కిందికి నెడుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన విషయం కూడా కాదు. 1845లో ఇంగ్లండులోని డెవన్‌పోర్ట్ నౌకాశ్రయ పనుల్లో ఇంజనీరు జేమ్స్ నాస్మిత్ తన ఆవిరి సుత్తిని పాత పద్ధతి వారితో పోటీకి పెట్టినప్పుడు, 4 టన్నుల దిమ్మె కొద్దిపాటి ఎత్తు నుంచి వెంట వెంట పడుతూ నాలుగున్నర నిమిషాల్లో ఒక గుంజను దించేసింది. పాత పద్ధతి వారికి 12 గంటలకు పైగా పట్టింది. ఆ పోటీలో నన్ను ఆకట్టుకున్నది వేగం కాదు. ఇనుప పట్టీ లేకుండానే నాస్మిత్ దించిన గుంజ తల నున్నగా మిగిలింది, పట్టీ వేసిన పాత పద్ధతి గుంజ తల మాత్రం పీచుపీచుగా విచ్చుకుపోయింది.

ఇప్పుడు సమీక్షిస్తున్న యంత్రాన్ని తయారుచేసినవారు ఈ సూత్రాన్ని పట్టుకున్నారు. 400 కిలోల గుండును డీజిల్ వించి లేపుతుంది. ఎత్తు మూడు అడుగులు దాటకుండా చట్రానికి ఒక అడ్డు పెట్టారు, ఆపరేటరు తొందరపడినా దాన్ని దాటించలేడు. ఆ ఒక్క అడ్డు కోసమే ఈ యంత్రాన్ని మెచ్చుకోవచ్చు. పొద్దు వాలే వేళకు పని ముగించాలన్న ఆత్రంలో ఎత్తు పెంచడమే చాలా గుంజల ప్రాణం తీస్తుంది. గుండు బరువు గుంజ బరువు కంటే తక్కువ ఉండకూడదన్నది పాత నియమం. మా 20 అడుగుల పచ్చి సరుగుడు గుంజ ఒక్కొక్కటి 100 కిలోలకు పైనే తూగుతుంది కనుక 400 కిలోల గుండు దానికి బాగా సరిపోయింది.

రెండవ మార్పు దారి పట్టాలు. గుండు తాడుకు వేలాడుతూ ఊగకుండా, రెండు ఛానెల్ ఇనుముల మధ్య జారుతూ దిగుతుంది. గుంజ తలకు తొడిగే ఇనుప టోపీ కూడా ఆ పట్టాల మధ్యనే ఉంటుంది. దెబ్బ ఒక పక్కకు పడితే ఆ పక్క నారపోగులే మొత్తం భారం మోయవలసి వస్తుంది, చీలిక అక్కడే మొదలవుతుంది. గుంజను నిలబెట్టిన తర్వాత రెండు వైపుల నుంచి తూకం గుండుతో నిలువు చూసి, తలను నిలువుకు సరిగ్గా అడ్డంగా రంపంతో కోసి, అంచును కొద్దిగా చెక్కి, ఆ తర్వాతే టోపీ దించారు. ఒక్కో గుంజకు ఈ తయారీకే అరగంట పట్టింది. మొదటి రోజు నాకు విసుగు అనిపించిన మాట నిజమే కానీ, రెండవ రోజుకు ఆ అరగంట విలువ అర్థమైంది.

మూడవది మెత్త. నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించిన భాగం, మొదట్లో తప్పు జరిగిన భాగం కూడా ఇదే. టోపీ పై భాగంలో గిన్నెలాంటి గుంత ఉంది. అందులో కూర్చునే మెత్త మీద గుండు పడుతుంది. టోపీ లోపల, గుంజ తలకు పైన, ప్లైవుడ్ ముక్కలు పొరలుగా ఉంటాయి. వారు మొదట పై గుంతలో పాత కన్వేయర్ బెల్టు ముక్కలు వేసుకొచ్చారు. రబ్బరు దెబ్బను మెత్తబరుస్తుందన్నది నిజమే, కానీ మరీ మెత్తబరిచింది. గుండు తాకగానే పైకి ఎగిరి మళ్లీ పడేది, గుంజ మాత్రం వేలెడు కూడా దిగేది కాదు. మూడవ గుంజ దగ్గర పని ఆపి, బెల్టు ముక్కలు తీయించి, వాటి స్థానంలో నల్ల తుమ్మ దిమ్మెను పోగులు నిలువుగా ఉండేలా కూర్చోబెట్టి, చుట్టూ ఇనుప కడియం బిగించాం. గుండు ఎగరడం వెంటనే తగ్గింది, దెబ్బ శబ్దం కూడా మారింది. అంతకుముందు చప్పగా ఉన్న చప్పుడు గట్టిగా, పొట్టిగా వినిపించసాగింది. తుమ్మ దిమ్మె ఎనిమిది గుంజలకు ఒకటి చొప్పున మొత్తం మూడు పట్టాయి. ప్లైవుడ్ మాత్రం ప్రతి గుంజకూ మార్చాలి. నలిగి అట్టలా బిగుసుకుపోయాక దాన్ని అలాగే ఉంచితే మెత్త లేనట్టే లెక్క.

ఇక లోపాల సంగతి. టోపీ లోపలి వెడల్పు ఎనిమిది అంగుళాల గుంజకు తగినట్టు చేశారు. సర్వీ బాదులు, అంటే సరుగుడు గుంజలు, అన్నీ ఒకే లావున రావు. మాకు వచ్చిన వాటిలో సగానికి పైగా తల దగ్గర ఆరు, ఏడు అంగుళాలే ఉన్నాయి. సందులో కర్ర చీలికలు దోపితే నాలుగు దెబ్బలకు అవి ఊడి బయటికి ఎగిరేవి. అది మనుషులకు ప్రమాదం, గుంజకు నష్టం. నేను గట్టిగా చెప్పిన తర్వాత ఆటోనగర్ నుంచి రెండు లోపలి కడియాలు చేయించి మర్నాటికి తెచ్చారు. వాటితో ఇబ్బంది తీరింది. అద్దెకు తీసుకునేవారు తమ గుంజల తల కొలతలు ముందే పంపి, తగిన కడియాలు వచ్చాయో లేదో బండి దిగే ముందే చూసుకోవాలి. వారు గుంజ మొనకు తొడగడానికి రేకు చెప్పులు కూడా తెచ్చారు, వాటికి వేరే డబ్బు అడిగారు. రాయి, గులక ఉన్న చోట చెప్పు అవసరమే. మన తీరపు బురదలో, ఇసుకలో అది అక్కరలేదు. పైగా కర్రకు పూర్తిగా ఆనని చెప్పు మొనను చీల్చుతుంది. సన్న కొనను కిందికి పెట్టి, మొనను తిన్నగా కోసి వదిలేయడమే మేలు. నేను చెప్పులు తీసుకోలేదు, చింతించవలసిన అవసరమూ రాలేదు.

ఇసుక పొర దాటించడానికి నీటి ధార వాడాం. అంగుళం జీఐ పైపును గుంజ పక్కగా దించి, రైతు దగ్గరే ఉన్న 5 హెచ్‌పీ పంపుతో నీళ్లు కొట్టిస్తే, మొన చుట్టూ ఇసుక వదులై గుంజ చాలావరకు తన బరువుతో, గుండు బరువుతోనే దిగింది. చివరి నాలుగు అడుగులకు ముందే నీళ్లు ఆపి, మిగిలింది దెబ్బలతోనే దించాలి. లేకపోతే వదులైన ఇసుకలో గుంజకు పట్టు ఉండదు. రెండేళ్ల క్రితం ఈ పని చేసి ఉంటే ఆ ఏడు గుంజల్లో సగమైనా బతికేవని నా నమ్మకం. ఇసుక కింద ఉన్న బంకమట్టి తీరు వేరు. ఒక గుంజను సాయంత్రం సగంలో ఆపి వెళితే, రాత్రికి రాత్రి మట్టి దాన్ని బిగబట్టింది. పొద్దున పదిహేను దెబ్బలకు కూడా కదలలేదు, తల కొద్దిగా నలిగింది. ఆ తర్వాత మొదలుపెట్టిన గుంజను ఆ రోజే పూర్తి చేసేలా చూసుకున్నాం.

ఎక్కడ ఆపాలో తెలియడం యంత్రంలో ఉండే గుణం కాదు, నడిపేవారిలో ఉండవలసింది. ఈ విషయంలో వారి ఆపరేటరుకు పూర్తి మార్కులు ఇస్తాను. అడుగు అడుగుకూ గుంజ మీద సుద్దతో గీత పెట్టి, ఎన్ని దెబ్బలకు ఎంత దిగిందో చిన్న నోటు పుస్తకంలో రాసుకున్నాడు. చివరి పది దెబ్బలకు రెండు అంగుళాల లోపు దిగితే ఆపాలని ముందే అనుకున్నాం. అమెరికా ఇంజనీరు ఆర్థర్ వెల్లింగ్టన్ 1888లో ఇచ్చిన సూత్రం ప్రకారం లెక్క కడితే, మా గుండుకు, మా ఎత్తుకు, ఆ దిగుడుకు గుంజకు సుమారు 2 టన్నుల భారం వస్తుంది. అది ముతక లెక్క, పెద్ద కట్టడాలకు ఎవరూ దాని మీద ఆధారపడరు. పంపు వేదికకు మాత్రం మాకు చాలినంత కంటే ఎక్కువే. పన్నెండవ గుంజ దగ్గర, డిజైను లోతుకు ఇంకా అడుగున్నర ఉండగానే దిగుడు ఆగిపోయింది. ఇంకో ఇరవై దెబ్బలు కొట్టమని నేను అంటే అతను వించి ఆపేసి, "ఇంక దిగదు సార్, కొడితే లోపల ఇరిగిపోద్ది" అన్నాడు. వినవలసిన మాట అది. లోపల విరిగిన గుంజ పైకి చక్కగానే కనిపిస్తుంది. అంతవరకు గట్టిగా ఉన్నది హఠాత్తుగా సులువుగా దిగడం మొదలైతే, అది దిగుతున్నట్టు కాదు, విరిగినట్టు. పంతొమ్మిదవ గుంజ సరిగ్గా అలాగే జారింది; దానికి నడుమ ఒక వంపు ఉందని మేము ముందే చూసి కూడా వాడాం. ఆ తప్పు యంత్రానిది కాదు, ఏరుకోవడంలో మాది. దాని పక్కన ఇంకొకటి వేశాం.

మొత్తం మీద 24 గుంజల్లో టోపీ దాటి చీలిక పడింది ఒక్కటీ లేదు. తలలు సమం చేయడానికి కోసిన ముక్కలను నేను ఒక్కొక్కటీ తిప్పి చూశాను. నలిగిన భాగం రెండు వేళ్ల మందం దాటలేదు. దాని కింద వలయాలు విడిపోకుండా, కర్ర ఎర్రగా, బిగువుగా ఉంది. గుంజలు రెండు అడుగులు ఎక్కువ పొడవున తెప్పించుకున్నందువల్ల ఆ నలిగిన భాగాన్ని నిర్దాక్షిణ్యంగా తీసేయగలిగాం. కోసిన ముఖాలకు అదే రోజు తారు పూయించాను. ఉప్పునీటిలో కర్రను తొలిచే పురుగు బెడద మన కాలువలన్నిటా ఉంది. నేల లోపల, గాలి తగలని చోట ఉన్న భాగానికి భయం లేదు. బురద మట్టానికి, నీటి మట్టానికి మధ్య ఉన్న భాగమే ముందు పోతుంది. తారు పూత పైపైనే ఉంటుంది కనుక, దెబ్బలకు పడిన చీలిక ఆ భాగం దాకా దిగితే పూత ఉన్నా లేనట్టే.

అద్దె రోజుకు 9,000 రూపాయలు, డీజిల్ మనమే పోయించాలి. రోజుకు ఐదు గుంజల లెక్కన పని ఐదు రోజుల్లో అయింది. కూలీల ముఠా కంటే ఇది ఖరీదైనదే, వేగం కూడా వారి కంటే గొప్పగా ఏమీ లేదు; పోయినసారి చీలిన గుంజల ఖరీదు, బోల్టులు, పలకలు, ఒరిగిన మూలను సరిచేసిన ఖర్చు కలిపి చూస్తే నాకు ఇదే చవకగా తేలింది. పంట కాలువ గట్టున నాలుగు బాదులు వేసుకునేవారికి ఈ యంత్రం అనవసరం. కింద ఇసుక పొర ఉండి, పైన ఇంజను బరువు, దాని అదురు మోయవలసిన చోట తప్పకుండా వాడమంటాను. చట్రం మోసుకొచ్చే బండి పెద్దది, తడి కట్టల మీద నడవదు. అక్టోబరులో వానలు మొదలయ్యాక వారు తీరం వైపు పని ఒప్పుకోవడం లేదు కనుక, కావలసినవారు ఎండాకాలంలోనే మాట్లాడుకోవాలి. ఎగువన ఒరిగిన నా పాత వేదిక కోసం వచ్చే మార్చికి రెండు రోజులు ఇప్పటికే చెప్పి ఉంచాను, ఆరంగుళాల కడియం వెంట తేవాలన్న షరతుతో.