చెక్క రంగు పాత డ్రమ్ కిట్: ఇంట్లో బాగుచేసి, రాయలసీమ ఎండల్లో ఏళ్ల తరబడి వాయించాక

ముందు తీర్పు చెప్పి తర్వాత వివరాల్లోకి పోతాను. చెక్క చారలు కనబడే పాత కిట్టుకు ఇంట్లో వేసుకోదగ్గ పాలిష్ సింగిల్ ప్యాక్ పీయూ, అంటే హార్డెనర్ కలపనక్కర్లేని పాలీయురేథేన్ వార్నిష్. దాన్ని పలచన చేసి, గుడ్డతో ఐదారు పూతలు వేయాలి. లక్క పాలిష్ అందంలో ముందుంటుంది, మన ఎండకు వెనకబడుతుంది. హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి స్ప్రే చేసే టూ ప్యాక్ పీయూ గట్టిది, కానీ దెబ్బ తగిలితే అతుకు వేయడం కష్టం. ఇక కిట్టు మోతను మార్చేది పాలిష్ కాదు, హెడ్డు (వాయించే పొర) కూర్చునే చెక్క అంచు. అంచు సరిచేయకుండా ఎంత మెరుగు పెట్టినా ఆ కిట్టు చూడ్డానికే పనికొస్తుంది.

నేను చెబుతున్నది ఒకే తరహా కిట్ల గురించి: 22 అంగుళాల బేస్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), 12, 13 టామ్‌లు (పైన బిగించే చిన్న డ్రమ్ములు), 16 ఫ్లోర్ టామ్ (కాళ్ల మీద నిలిచేది), 14 చెక్క స్నేర్ (కింద తీగలుండే డ్రమ్ము). 1980ల జపాన్ తయారీ, బర్చ్ ప్లై లేదా మహాగని కలిసిన ప్లై. అనంతపురం, కడప వైపు చర్చి సామాన్ల గదుల్లో, పాత ఆర్కెస్ట్రా వాళ్ల ఇళ్లలో ఇలాంటివి ఇంకా దొరుకుతున్నాయి. వాటిలో ఒక్కోదానికి ఒక్కో పాలిష్ వేసి చూసిన ఫలితాలివి.

విప్పేటప్పుడు ఏ డ్రమ్ము సామాను ఆ డ్రమ్ము కవర్లోనే వేయాలి. 12 టామ్‌కు సాధారణంగా రెండు వైపులా కలిపి 12 లగ్గులు (హెడ్డు బిగించే రాడ్లు ఎక్కే లోహపు పట్టులు) ఉంటాయి, 13కూ అంతే. వాటి స్క్రూలు ఒకేలా కనబడినా పొడవులో తేడా రావచ్చు. పొడవు స్క్రూ పొట్టిదాని చోట పడితే లగ్గు లోపల తగిలి పగలగొడుతుంది. టెన్షన్ రాడ్ల (హెడ్డును బిగించే పొడవాటి బోల్టుల) మర సంగతి ఇంకా ముఖ్యం. జపాన్, అమెరికా కిట్లలో చాలావాటి రాడ్లకు 12-24 మర ఉంటుంది, అంటే సుమారు 5.5 మి.మీ. మందం, అంగుళానికి 24 చుట్లు. బోల్టుల కొట్లో దొరికే 5 మి.మీ. రాడ్డు అందులో వదులుగా ఆడుతుంది. 6 మి.మీ. రాడ్డును బలవంతంగా తిప్పితే లగ్గు లోపలి నట్టు మర పోతుంది. పాత సోనార్ (జర్మనీ కంపెనీ) కిట్లకు మాత్రం 6 మి.మీ. మరే వస్తుంది. పోయిన రాడ్డుకు బదులు కొనేముందు కిట్టులోని మంచి రాడ్డు ఒకటి తీసి, కొత్త నట్టులో చేత్తో తిప్పి చూడండి. చేత్తో పోకపోతే అది మీ మర కాదు.

పాత పూత ఏమిటో తెలియకుండా రిమూవర్ పూయొద్దు. లగ్గు తీసిన చోట, మళ్లీ లగ్గు కప్పేసే భాగంలో, దూదిని స్పిరిట్‌లో ముంచి అర నిమిషం అద్దండి. జిగురుగా మారితే అది లక్క. మారకపోతే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్‌తో చూడండి. దానికి మెత్తబడితే ఎన్‌సీ లాకర్. రెండింటికీ కదలకపోతే పాలిస్టర్ లేదా పీయూ. ఈ మూడో రకం గట్టిగా అంటుకుని ఉంటే దాన్ని తీయడం శుద్ధ దండగ. గోరువెచ్చని నీళ్లలో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు వేసి, బాగా పిండిన గుడ్డతో తుడిచి, పాత మైనం, పొగ మరకలు టర్పెంటైన్‌తో తీస్తే సగం కిట్లు అక్కడికే బాగుపడతాయి. పాత పూత ఎంత మిగిలితే అంత మంచిది. ఆ మహాగని రంగు కొత్త స్టెయిన్‌తో అచ్చం అలాగే రాదు.

తీయక తప్పనప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. పైన కనబడే అందమైన వెనీరు (పలచని చెక్క పొర) చాలా చోట్ల అర మిల్లీమీటరే. ఆర్బిటల్ మిషన్‌కు (అరగదీసే కరెంటు పనిముట్టుకు) 80 నంబరు ఉప్పు కాగితం తగిలించి అరగదీస్తే కింది ప్లై తెల్లగా బయటపడుతుంది, దాన్ని ఏ రంగూ దాచలేదు. లక్కనైతే స్పిరిట్‌తో నానబెట్టి గుడ్డతో తుడవాలి. లాకర్‌నైతే రిమూవర్‌తో మెత్తబరిచి ప్లాస్టిక్ పట్టీతో గీకాలి. చివరి తుడుపుకే 240 ఉప్పు కాగితం, అదీ చెక్క చారల వెంబడే, చేత్తో.

వెనీరు ఉబ్బిన చోట వేలితో తడితే బోలు శబ్దం వస్తుంది. అక్కడ చారల వెంబడి బ్లేడుతో సన్నగా గాటు పెట్టి, కొద్దిగా నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను ఇంజెక్షన్ సిరంజితో ఎక్కించండి. పైన పాలిథిన్ కాగితం, దాని మీద షెల్ (డ్రమ్ము చెక్క గుండ్రం) వంపుకు కోసిన చెక్క ముక్క పెట్టి, క్లాంపు వేసి ఒక రోజు వదలాలి. పాలిథిన్ లేకపోతే చెక్క ముక్క కూడా అంటుకుపోతుంది.

ఇప్పుడు అసలు పని, అంచు. దీనికి 2 అడుగుల చదరం పాలిష్ గ్రానైట్ పలక కావాలి, మందం 18 మి.మీ. తగ్గకూడదు. తాడిపత్రి వైపు బండల యూనిట్లలో కోత ముక్కలు దొరుకుతాయి. కడప నాపరాయి దీనికి పనికిరాదు, చూపుకు చదునుగా ఉన్నా మీద ఎత్తుపల్లాలుంటాయి. తెచ్చిన గ్రానైట్ మీద కూడా స్టీలు స్కేలును మూల నుంచి మూలకు నిలబెట్టి, కింద వెలుతురు రావడం లేదని చూసుకోండి. షెల్‌ను పలక మీద బోర్లించి, లోపల టార్చి వెలిగించి, గది చీకటి చేసి, కన్ను పలక మట్టానికి దించి చుట్టూ చూడండి. అంచు బాగుంటే చీకటే. బాగోకపోతే సన్నటి వెలుగు గీత ఒకచోట మొదలై, వెడల్పయి, మళ్లీ సన్నబడి ఆగిపోతుంది. ఆ సందులో మామూలు జిరాక్సు కాగితం దూరిందంటే సుమారు 0.1 మి.మీ. పల్లం ఉన్నట్టు. అలాంటి డ్రమ్ము ఎంత శ్రుతి చేసినా ఒక రాడ్డు దగ్గర ఎప్పుడూ గొంతు పోతుంది.

సరిచేయడానికి పలక మీద 150 నంబరు కాగితాన్ని రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి. అంచు శిఖరం మీద చుట్టూ పెన్సిల్ గీత గీసి, షెల్‌ను రెండు చేతులతో సమంగా పట్టుకుని తిప్పండి. ఏడెనిమిది చుట్లకోసారి చేతులు పావు వంతు జరపాలి, లేకపోతే ఒత్తిడి ఒకే పక్క పడి కొత్త పల్లం వస్తుంది. పెన్సిల్ గీత అంతటా పోగానే ఆగి, 220తో ముగించాలి. దీంతో శిఖరం కొంచెం చదునవుతుంది. దాన్ని 45 డిగ్రీలకు కోసిన చెక్క దిమ్మెకు కాగితం చుట్టి లోపలి వైపు నుంచి దించుకుంటూ రావాలి, చివరికి అర మిల్లీమీటరు మిగలాలి. అంచుకు కొవ్వొత్తి మైనం రుద్ది, పాత బనీను గుడ్డతో తుడిస్తే హెడ్డు సాఫీగా కూర్చుంటుంది. సందు 1 మి.మీ. దాటితే చేతి పని వద్దు, రౌటర్ (చెక్క అంచులు కోసే మిషన్) ఉన్న వడ్రంగికి ఇవ్వండి. 1960ల నాటి చాలా కిట్లకు అంచు గుండ్రంగా ఉండేది, దాన్ని పదునుగా కోయిస్తే ఆ మెత్తని మోత పోతుంది.

స్నేర్ కింది అంచును మాత్రం పలక మీద పెట్టి అరగదీయనే కూడదు. అక్కడ స్నేర్ తీగలు కూర్చోవడానికి ఎదురెదురుగా రెండు పల్లాలు కావాలనే చేస్తారు. అవి పోతే తీగలు హెడ్డుకు ఆనవు, గరగర తప్ప ఏమీ మిగలదు.

షెల్ గుండ్రం కూడా కొలవాలి. టేపుతో నాలుగు వైపుల వ్యాసం చూడండి. 1.5 మి.మీ. తేడా వరకు ఇబ్బంది లేదు. 3 మి.మీ. దాటితే హెడ్డు ఒక పక్క పట్టేస్తుంది. కిట్టు కొనేముందు ఒక్క పరీక్షకే టైముంటే ఇదే చేయండి, ఎందుకంటే దీనికి ఇంట్లో చేసే మరమ్మతు లేదు.

పాలిష్‌ల సంగతికొస్తాను. లీటరు స్పిరిట్‌కు 200 నుంచి 250 గ్రాముల లక్క రేకులు, రాత్రంతా నానబెట్టి వడగట్టినది, బర్చ్ మీద ఇచ్చే లోతు మరే పూతా ఇవ్వదు. గీతలు పడితే మళ్లీ స్పిరిట్ గుడ్డతోనే కలిసిపోతాయి. ఇంట్లోంచి కదలని కిట్టుకు బాగుంటుంది. బయటి కచేరీలకు తిరిగే కిట్టుకు వద్దు. ఏప్రిల్, మే ఎండల్లో మూసిన ఆటోలో, వ్యానులో పెడితే పూత మెత్తబడి, కేసు లోపలి స్పాంజి అచ్చు దాని మీద దిగుతుంది. చెమట చెయ్యి పడ్డచోట తెల్లటి మచ్చలొస్తాయి. కలిపిన లక్కను ఆరు నెలలు దాటి నిల్వ ఉంచితే సరిగా ఆరదు, జిడ్డుగానే ఉండిపోతుంది.

ఎన్‌సీ లాకర్ వేసిన కిట్లలో రెండు లోపాలు చూశాను. వానాకాలం తేమలో వేస్తే పూత పాలిపోయినట్టు తెల్లబడింది. ఫ్లోర్ టామ్ కాలు బ్రాకెట్టు కింది రబ్బరు పూతను కరిగించి అచ్చు వేసింది. లాకర్ ఉన్న చోట రబ్బరు బదులు తోలు ముక్క వేయాలి.

లిన్సీడ్ ఆయిల్ చేతికి బాగుంటుంది, మన పొడి గాలికి చెక్క దాన్ని తాగేస్తూ ఉంటుంది, ఏడాదికోసారి మళ్లీ పూయాలి. నూనె గుడ్డలను ఉండ చుట్టి పడేస్తే వాటంతటవే అంటుకుని మండుతాయి. నీళ్లలో ముంచి, తర్వాత పరిచి ఆరబెట్టండి. మన వేడిలో ఇది అశ్రద్ధ చేసే విషయం కాదు.

టూ ప్యాక్ పీయూ స్ప్రే గట్టిదనంలో అన్నిటికన్నా మేలు. వేసవిలో మధ్యాహ్నం కొడితే గాల్లోనే సగం ఆరి, షెల్ మీద గరుకుగా పడుతుంది. తెల్లవారి ఎనిమిదిలోపే కొట్టాలి, నేల తడిపి దుమ్ము అణచాలి. హార్డెనర్ ఆవిరికి క్యాట్రిడ్జి మాస్కు తప్పనిసరి, ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలదు.

నేను ఎంచుకున్న పద్ధతి: సింగిల్ ప్యాక్ పీయూ, మినరల్ టర్పెంటైన్ సమపాళ్లలో. స్నేర్ కాక మిగతా నాలుగు షెల్ల బయటి వైశాల్యం సుమారు 1.75 చదరపు మీటర్లే కాబట్టి అర లీటరు పీయూతో ఐదు పూతలు వస్తాయి. నూలు దారాలు రాలని గుడ్డను ఈ మిశ్రమంలో తడిపి, పిండి, చారల వెంబడి ఒక్క చేతివాటున లాగి వదిలేయాలి. వెనక్కి వెళ్లి సవరిస్తే గుడ్డ అతుక్కుని గీత పడుతుంది. పూతకూ పూతకూ 24 గంటలు. రెండో పూత తర్వాత నుంచి ప్రతిసారీ 400 కాగితంతో తేలిగ్గా రుద్దాలి. కింద మైనం తీయని పాత లక్క ఉంటే ఇది అంటుకోదు, బేస్ డ్రమ్ము హూపుల (హెడ్డును పట్టి ఉంచే చుట్ల) దగ్గర పొరలుగా లేస్తుంది. అలాంటప్పుడు డీవాక్స్‌డ్ (మైనం తీసిన) లక్క ఒక పూత మధ్యలో వేయాలి. ఐదో పూత తర్వాత లగ్గులు బిగించడానికి కనీసం మూడు వారాలు ఆగండి. పైకి ఆరినట్టున్నా లోపల గట్టిపడదు, లగ్గు అచ్చు దిగుతుంది. షెల్ లోపల పీయూ వేయొద్దు, పలచని లక్క ఒక్క పూత చాలు.

ఏళ్లు గడిచాక ఈ పూత మెరుపు కొంచెం తగ్గింది, రంగు కొంచెం పసుపెక్కింది. పగుళ్లు లేవు, మచ్చలు లేవు. బేస్ డ్రమ్ము క్లాలు (హూపును బిగించే కొక్కేలు) ఆనే చోటే హూపు మీద అరిగింది, అక్కడ తోలు ముక్కలు వేశాక ఆగింది.

ఇనుప సామాను గురించి నాలుగు మాటలు. క్రోమ్ మీది తుప్పును వంటింటి అల్యూమినియం కాగితాన్ని నీళ్లలో ముంచి రుద్దితే పోతుంది, అల్యూమినియం క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీతలు పడవు. గుంటలు పడిన చోట ప్లేటింగే మార్గం. తుప్పు రాడ్లను లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పులో అరగంట ఉంచి, వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, వెంటనే తుడిచి మెషిన్ ఆయిల్ పెట్టండి. లగ్గులను మాత్రం అందులో వేయకూడదు. అవి జింకు పోత, పులుపు వాటిని తినేస్తుంది. లగ్గు లోపల స్ప్రింగు ఉంటే దాని చుట్టూ ఫెల్టు ముక్క దోపితే మైకు ముందు వచ్చే కిరకిర ఆగుతుంది. రాడ్లకు వాసెలిన్ పూత కనబడీ కనబడనంతగా చాలు. ఎక్కువైతే మన దుమ్మంతా దానికే అతుక్కుంటుంది.

ఖర్చులో పెద్ద భాగం హెడ్లదే, అక్కడ తగ్గించొద్దు. టామ్‌లకు కింద 10 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు) సింగిల్ ప్లై, పైన 7 మిల్ రెండు పొరలది ఈ బర్చ్ షెల్లకు సరిపోయింది. వేసవి మొదట్లో చెక్క ఎండి కుంచించుకుంటుంది. మార్చిలో ఒకసారి హెడ్లు తీసి లోపలి లగ్గు స్క్రూలన్నీ పావు చుట్టు బిగించి, స్ప్రింగ్ వాషర్లు లేనిచోట వేయండి. స్క్రూ తిరుగుతూనే ఉందంటే లోపలి ప్లై నలిగినట్టు. అక్కడ ఇంకా బిగించకుండా, లోపల వెడల్పు వాషరు పెట్టండి.