సభ్యత్వమా, రౌండ్‌కింత కట్టడమా: బరంపురం దగ్గర కొత్త గోల్ఫ్ కోర్సులో ఏది మేలు?

బరంపురం నుంచే కాదు, ఛత్రపురం, పర్లాకిమిడి, అటు ఇచ్ఛాపురం నుంచి కూడా రెండు నెలలుగా ఒకటే ప్రశ్న. "ఆ కొత్త కోర్సులో మెంబర్‌షిప్ తీసుకోమంటారా, వెళ్లినప్పుడల్లా గ్రీన్ ఫీజు కట్టి ఆడుకోమంటారా?" దీపావళికి ఇంటికొచ్చిన మా బావమరిది కూడా భోజనం దగ్గర ఇదే అడిగాడు. "బావా, నువ్వు కట్టేశావటగా, నన్నూ కట్టమంటావా?" అని. వద్దన్నాను. నేను కట్టి వాణ్ణి వద్దనడానికి కారణం ఉంది.

అందరూ ముందు వేసే లెక్క రౌండ్ల లెక్క. ఏడాది సభ్యత్వం 60 వేలు, గ్రీన్ ఫీజు 1,500 అనుకోండి. 40 రౌండ్లు దాటితే సభ్యత్వం లాభం, లోపైతే నష్టం. కేడీ (మన వెంట క్లబ్బుల సంచి మోసే మనిషి) డబ్బులు రెండు పద్ధతుల్లోనూ విడిగానే ఇవ్వాలి కాబట్టి వాటిని లెక్కలోకి తేవద్దు. జీఎస్టీ కలిపి చెప్పారా, విడిగానా అన్నది మాత్రం ముందే అడగండి. ఈ లెక్క తప్పు కాదు గానీ, ఇందులో ఒక పెద్ద విషయం మిగిలిపోతుంది. మన గంజాం తీరంలో ఏ గంటకి ఆడతామన్నది, ఎన్ని రౌండ్లు ఆడతామన్నదాని కంటే ముఖ్యం.

మార్చి నెలాఖరు నుంచి అక్టోబర్ దాకా ఇక్కడ ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ బాధ. ఉదయం 9 దాటాక నడవడం కష్టం. జూన్‌లో సూర్యోదయం 5:15 ప్రాంతంలో అవుతుంది. కోర్సు మొదటి టీ టైమ్, అంటే ఆట మొదలుపెట్టే వేళ, 5:30కి ఇస్తుంది. పది నిమిషాలకో గ్రూపు చొప్పున 7 గంటల దాకా లెక్కేస్తే పది గ్రూపులు, గ్రూపుకి నలుగురు, మొత్తం నలభై మంది. పూర్తి రౌండ్ అంటే పద్దెనిమిది హోల్స్ (బంతిని చేర్చాల్సిన గుంటలు), ఇది తొమ్మిది హోల్స్ కోర్సు కాబట్టి ఇంకో చిక్కు కూడా ఉంది. 5:30కి బయల్దేరినవాళ్లు రెండోసారి తిరగడానికి 7:40కల్లా మళ్లీ మొదటి టీ (హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గరికి వచ్చేస్తారు. అక్కడి నుంచి కొత్తవాళ్లు, పాతవాళ్లు వంతులవారీగా వెళ్లాల్సిందే. అంటే వేసవిలో హాయిగా ఆడుకోగల చోట్లు ఆ నలభయ్యే. ఆదివారం వాటికోసమే పోటీ.

ఇక్కడి నియమం ఏమిటంటే, సభ్యులు వారం ముందు బుక్ చేసుకోవచ్చు, బయటివాళ్లకి రెండు రోజుల ముందు తెరుస్తారు. ఫిబ్రవరిలో కోర్సు తెరిచినప్పటి నుంచి దసరా దాకా నేను గ్రీన్ ఫీజు కట్టే ఆడాను. మే నెలలో ఒక శుక్రవారం పొద్దున్నే ఫోన్ చేస్తే ఆదివారానికి దొరికింది 8:20. ఏడో హోల్‌కి వచ్చేసరికి గ్లవ్ తడి గుడ్డలా తయారైంది. ఐరన్ (ఇనుప తల ఉన్న క్లబ్) పట్టుకుంటే గ్రిప్ చేతిలో తిరిగిపోతోంది. నాతో వచ్చిన కేడీ కుర్రాడు, పక్క పల్లెవాడే, తన తువ్వాలు ఇచ్చి "సార్, ఇక చాలు, నీడకి రండి" అన్నాడు. ఆ రోజు ఎనిమిదో హోల్ ఆడలేదు. అప్పుడే అర్థమైంది, సభ్యత్వం డబ్బు పెట్టి మనం కొనేది రౌండ్లని కాదు, పొద్దుటి రెండు గంటలని.

అందుకే మిమ్మల్ని మీరు అడగాల్సింది నెలకెన్ని రౌండ్లు అన్నది కాదు. వేసవిలో 5 గంటలకి లేచి, ఆరు లోపు టీ మీద నిలబడగలరా? నిలబడగలిగితే సభ్యత్వం తీసుకోండి, 40 రౌండ్లు రాకపోయినా నష్టం అనిపించదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్యలోనే ఆడేవాళ్లకి సభ్యత్వం అక్కర్లేదు. ఆ నాలుగు నెలలు పదకొండింటికైనా ఆడొచ్చు, చోటు ఎప్పుడూ దొరుకుతుంది.

నేను దసరా దాకా ఆగడానికి కారణం వానాకాలం. కొత్త కోర్సుని తెరిచిన నెలలో చూసి డబ్బు కట్టడం మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. ఫిబ్రవరిలో ఏ గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) అయినా బాగానే ఉంటుంది. పద్ధతిగా కట్టిన గ్రీన్ కింద అడుగు మందాన ఇసుక, దాని కింద నాలుగు అంగుళాల కంకర, నీళ్లు పోయే పైపులు ఉండాలి. అవి సరిగా ఉన్నాయో లేదో బ్రోషర్‌లో తెలియదు, జూలైలో తెలుస్తుంది. ఈ కోర్సులో మొదటి ఐదు హోల్స్ సరుగుడు తోపుల వైపు, ఇసుక నేల. ఎంత వాన పడ్డా మర్నాటికి ఆరిపోతాయి. ఆరు నుంచి తొమ్మిది దాకా వరిచేల పక్కన, బంకమట్టి. ఒకరోజు రాత్రంతా కురిసిన మర్నాడు పనిగట్టుకుని వెళ్లి ఆరో గ్రీన్ మీద నిలబడ్డాను. మడమతో నొక్కితే నీరు ఊరలేదు. గ్రీన్ నిండా వానపాములు తోడిపోసిన ఆవగింజలంత మట్టి ఉండలు ఉంటే కేడీ ఈనెల చీపురుతో నా పుట్ (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) దారిలో ఉన్నవాటిని మెల్లగా తుడిచాడు. బంతి తిన్నగానే వెళ్లింది. ఎనిమిదో ఫెయిర్‌వేలో (టీ నుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి దారిలో) మాత్రం రెండు చోట్ల నీరు నిలిచింది. గ్రీన్లు నిలబడ్డాయి కాబట్టి నేను కట్టాను. ఫెయిర్‌వేలో డ్రెయిన్లు తర్వాతైనా తవ్వుకోవచ్చు. గ్రీన్ చెడితే విప్పి మళ్లీ కట్టాలి, ఆ సీజన్ పోయినట్టే.

ఏడాది సభ్యత్వమా, జీవితకాలమా అన్నదాంట్లో నాకు రెండో ఆలోచన లేదు, ఏడాదే. ఇంతకుముందు ఉద్యోగం చేసిన ఊళ్లో ఒక క్లబ్ "ఇప్పుడు తొమ్మిది, రెండేళ్లలో పద్దెనిమిది హోల్స్" అంటే నమ్మి పెద్ద మొత్తం కట్టాను. నేను ఆ ఊరు వదిలేదాకా పదో హోల్‌కి గడ్డి పడలేదు. డబ్బు వెనక్కి రాలేదు, సభ్యత్వం ఇంకొకరి పేరు మీదకి మార్చుకునే వీలూ లేకపోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. రాబోయే హోల్స్‌కి ఇవాళే డబ్బు కట్టకండి. పైగా మనది తుఫాన్ల తీరం. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర. చెట్లు కూలి కోర్సు నెలల తరబడి మూతపడితే ఆ రోజులు మన గడువుకి కలుపుతారా అని అడిగి, కలుపుతామన్న మాట కాగితం మీద రాయించుకోండి.

పోటీలు ఆడాలనుకునే కుర్రాళ్లకి ఇంకో విషయం. 2020లో ప్రపంచమంతా ఒకే హ్యాండీక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) పద్ధతి వచ్చింది కదా. 54 హోల్స్ స్కోరు ఇస్తే మొదటి ఇండెక్స్, అంటే మన హ్యాండీక్యాప్ అంకె, వస్తుంది. తర్వాత చివరి 20 స్కోర్లలో మంచివి 8 తీసుకుంటారు. కానీ అదంతా కోర్సు ఎంత కష్టమో చెప్పే కోర్సు రేటింగ్, స్లోప్ రేటింగ్ దానికి ఇచ్చి ఉంటేనే. కొత్త కోర్సులకి ఇది ఆలస్యంగా రావచ్చు. రేటింగ్ రాకముందే "మెంబర్ అయితే హ్యాండీక్యాప్ వచ్చేస్తుంది" అన్న మాట మీద డబ్బు కట్టొద్దు. ఇక్కడ నిత్యం ఆడితే చేయి మాత్రం కుదురుతుంది. సముద్రం గాలి లేచాక నాలుగో హోల్‌లో ఒక క్లబ్ పెంచాల్సిందే, అంటే ఇంకాస్త దూరం కొట్టేది తీయాల్సిందే. కుడి వైపు మొగలి పొదలు. బంతి అందులో పడితే వెతకడానికి మూడు నిమిషాలే, కనిపించినా ఆ ముళ్ల ఆకుల మధ్య నుంచి కొట్టలేం. ఒక స్ట్రోక్ పెనాల్టీ తీసుకుని బయట డ్రాప్ చేసుకోవడమే మేలు.

మిగతావి క్లుప్తంగా. సోమవారం నుంచి శుక్రవారం దాకా చెల్లే వీక్‌డే సభ్యత్వం రిటైరైనవాళ్లకి బంగారం, ఉద్యోగస్తులకి వద్దు. కంపెనీ పేరు మీద తీసుకునేది కంపెనీ కడితేనే. డ్రైవింగ్ రేంజ్ (బంతి కొట్టడం సాధన చేసే చోటు) టికెట్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి మొదటి మూడు నెలలు సరిపోతుంది. ఇక విశాఖ వెళ్లి ఆడటమంటారా, పద్దెనిమిది హోల్స్ తృప్తి వేరే. కానీ పోను 270 కిలోమీటర్లు, రాను 270. ఏడాదికి రెండుసార్లు సరే.

మా బావమరిదికి వద్దన్నది ఇందుకే. వాడి దుకాణం రాత్రి పదిన్నరకి మూస్తారు, తెల్లవారుజామున లేవడం వాడి వల్ల కాదు. ఖాళీ ఉండేది ఆదివారం మధ్యాహ్నమే. డిసెంబర్, జనవరిలో 2:45కి టీ మీద ఉంటే పొద్దు వాలేలోపు తొమ్మిది హోల్స్ అయిపోతాయి. ఆ వేళకి సభ్యులెవరూ ఉండరు, శుక్రవారం ఫోన్ చేసినా చోటుంటుంది. వచ్చే ఆదివారానికి మా ఇద్దరికీ అదే బుక్ చేశాను. నా రౌండ్ సభ్యత్వంలో, వాడిది గ్రీన్ ఫీజు కట్టి.